ఫర్నిచర్‌తో ఇంటిని కంపెనీకి కిరాయికి ఇచ్చే ముందు

ప్రశ్న: మాది చంద్రపూర్ జిల్లా రాజురా. మా వారు సాస్తి బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యారు. కింది అంతస్తులో మేము ఉంటున్నాము, పైన రెండు పడక గదుల పోర్షన్ ఖాళీగా ఉంది. దగ్గరలోని సిమెంటు ఫ్యాక్టరీలో విస్తరణ పనులకు వచ్చిన ఒక కంపెనీ తరఫు మనిషి వచ్చి, నలుగురు ఇంజినీర్లకు ఫిబ్రవరి నుంచి ఆరు నెలల పాటు ఇల్లు కావాలని, మంచాలు, రెండు ఏసీలు, ఫ్రిజ్, వాషింగ్ మిషన్ అన్నీ మేమే సమకూరిస్తే కరెంటుతో కలిపి నెలకు 24 వేలు ఇస్తామని చెప్పాడు. ఖాళీ పోర్షన్‌కు ఇక్కడ 9 వేలకు మించి రాదు. కాగజ్‌నగర్‌లో ఉన్న మా తమ్ముడు 11 నెలలకు నోటరీ కాగితం రాసుకుంటే చాలు, రిజిస్ట్రేషన్ దండగ అంటున్నాడు. కంపెనీ వాళ్లు నెలనెలా జీఎస్టీ బిల్లు అడుగుతున్నారు. గడువు తీరాక ఖాళీ చేయకపోతే ఏం చేయాలన్నది మా భయం. దయచేసి సలహా ఇవ్వగలరు.
– ఒక పాఠకురాలు, రాజురా

సమాధానం: అమ్మా, మీరు అడిగిన వాటికి జవాబు చెప్పే ముందు మీరు అడగని లెక్క ఒకటి తేల్చుకోవాలి. నెలకు 24 వేలు అనగానే 9 వేల ఇంటికి 15 వేలు అదనంగా వస్తున్నాయని అనిపించడం సహజమే గానీ, ఆ 24 వేలలో కరెంటు కూడా కలిసి ఉందన్న మాట దగ్గర ఆగి చూడండి. మన చంద్రపూర్ వైపు ఎండలు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పనక్కరలేదు. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊళ్లో, తమ జేబు నుంచి బిల్లు కట్టనవసరం లేని నలుగురు మనుషులు రెండు ఏసీలను ఎన్ని గంటలు నడుపుతారో ఊహించుకోవచ్చు. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు సుమారు 1.2 నుంచి 1.5 యూనిట్లు తీసుకుంటుందనుకుంటే, రెండూ రోజుకు పది గంటలు నడిచినా నెలకు 800 యూనిట్ల దాకా వస్తుంది. మహారాష్ట్ర ప్రభుత్వ విద్యుత్ సంస్థ మహావితరణ గృహ వినియోగపు రేట్లు 100, 300, 500 యూనిట్ల మెట్ల మీద పెరుగుతూ పోతాయి కాబట్టి ఆ వాడకానికి బిల్లు పది వేలు దాటుతుంది. పైగా మీ ఇంటికి ఒకే మీటరు ఉన్నట్లయితే పైవాళ్ల ఏసీలు కింద మీరు వాడుకునే ఫ్యాను యూనిట్లను కూడా పై మెట్టు రేటులోకి నెట్టేస్తాయి.

ఇప్పుడు సామాను సంగతి చూడండి. ఏసీలు రెండూ కలిపి 72 వేలు, పరుపులతో నాలుగు మంచాలు 44 వేలు, ఫ్రిజ్ 18 వేలు, వాషింగ్ మిషన్ 16 వేలు, గీజరు, నీళ్ల ఫిల్టరు, ఇండక్షన్ పొయ్యి, కుర్చీలు, పాత్రలు అన్నీ కలిపి మరో 20 వేలు అనుకుందాం. మీ ఊరి దుకాణంలో ధరలు కొంత అటూ ఇటూ ఉండవచ్చు గానీ, మొత్తం 1 లక్షా 70 వేల దగ్గర తేలుతుంది. 24 వేలలో నుంచి వేసవి నెలల్లో కరెంటుకు పది వేలు, ఎలాగూ వచ్చే మామూలు కిరాయి 9 వేలు తీసేస్తే సామానుకు మిగిలేది నెలకు 5 వేలు. ఆ లెక్కన ఆరు నెలలకు 30 వేలు. చేతి నుంచి పెట్టింది 1 లక్షా 70 వేలు. కరెంటు పూర్తిగా వాళ్లే కట్టుకుని, 24 వేలూ మీకే వచ్చినా అదనంగా చేతికందేది ఆరు నెలలకు 90 వేలే, అంటే సామాను ఖర్చులో సగానికి కొంచెం పైన. మిగతా సగం ఈ కంపెనీ వెళ్లిపోయిన తరువాత వచ్చే మరో కంపెనీ నుంచి రావాలి. ఆ రెండో కంపెనీ వస్తుందా అన్నది మీరు, మీ వారు కూర్చుని ఆలోచించుకోవలసిన అసలు విషయం. గడ్‌చాందూర్, ఆవార్‌పూర్, ఉప్పర్‌వాహీ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, మీ సాస్తి, పౌని వైపు బొగ్గు గనులు ఉన్నాయి కనుక బయటి ఇంజినీర్ల రాకపోకలకు రాజురాలో కరువు లేదు. కానీ వాళ్లలో చాలామంది బల్లార్‌షాలోనో చంద్రపూర్‌లోనో లాడ్జి చూసుకుంటారు, లేదా కంపెనీ కాలనీలోనే సర్దుకుంటారు. ఈ ఒక్క కాంట్రాక్టును నమ్ముకుని అప్పు చేసి ఏసీలు కొనడం నాకు సమ్మతం కాదు.

అందుకని కంపెనీ మనిషితో షరతులు మార్చి మాట్లాడండి. కరెంటు మీటరు ప్రకారం వాళ్లే కట్టుకోవాలని చెప్పండి. పై పోర్షన్‌కు వేరే కనెక్షన్ కోసం మహావితరణకు దరఖాస్తు పెట్టుకోవడం అన్నిటికన్నా మంచిది, అది ఆలస్యమైతే ఈలోగా సబ్ మీటరైనా పెట్టించి, తాళం ఇచ్చే రోజు రీడింగును ఇద్దరూ కలిసి రాసుకోవాలి. ఏసీలు కంపెనీయే తెచ్చి బిగించుకుని పని అయ్యాక తీసుకుపోయేలా అడగండి. పెద్ద కంపెనీలకు ఇది వింత కోరిక కాదు, వాళ్ల స్టోరులో పాత సైటు నుంచి వచ్చిన ఏసీలు పడి ఉంటాయి. దానికి ఒప్పుకుంటే మీరు మంచాలు, ఫ్రిజ్, మంచి కూలర్లు పెట్టి 24 వేలకు బదులు 18 వేలు తీసుకున్నా నష్టం లేదు. ఏసీలు మీరే పెట్టవలసి వస్తే, ఆరు నెలలు గడవకుండా వాళ్లు మధ్యలో వదిలి వెళ్లినా మిగిలిన నెలల కిరాయి కట్టి తీరాలన్న షరతు కాగితంలో ఉండాలి, రెండు నెలల డిపాజిట్‌తో పాటు మొదటి నెల కిరాయి తాళం చేతికివ్వక ముందే మీ ఖాతాలో పడాలి. కంపెనీల అకౌంట్స్ విభాగాలకు బిల్లు అందిన 30 రోజులకో 45 రోజులకో డబ్బు వదలడం అలవాటు. ఆ అలవాటు వాళ్ల ఇనుము సరఫరాదారుతో పెట్టుకోవచ్చు గానీ మీతో కాదు. నెల మొదట్లో ఫలానా తేదీలోగా అని తేదీ వేసి రాయించండి.

ఇక మీ తమ్ముడు చెప్పిన నోటరీ కాగితం సంగతి. ఆయన తన వైపు ఆనవాయితీనే చెప్పారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఏడాదికి మించిన కౌలు పత్రాన్నే తప్పనిసరిగా రిజిస్టర్ చేయమంటుందన్న లెక్కతో, దాన్ని తప్పించుకోవడానికి తెలంగాణలో, ఆంధ్రలో 11 నెలలకు రాసుకోవడం ఆనవాయితీగా మారింది. రాజురా తాలూకా ఒకప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలో ఆదిలాబాద్ జిల్లాలోది కావడం, పెళ్లిళ్లు, పేరంటాలు ఇప్పటికీ ఆసిఫాబాద్, కాగజ్‌నగర్‌లతోనే నడవడం వల్ల అక్కడి ఆనవాయితీలే మన ఇళ్లలోనూ చట్టంలా చెలామణీ అవుతుంటాయి. కానీ ఇల్లు ఉన్నది మహారాష్ట్రలో. మహారాష్ట్ర కిరాయి నియంత్రణ చట్టం, 1999లోని 55వ సెక్షన్ ప్రకారం ఇంటి కిరాయి ఒప్పందం, అది లీవ్ అండ్ లైసెన్స్ (కిరాయిదారు హక్కులు ఏర్పడకుండా కొంత గడువుకు ఉండనిచ్చే అనుమతి పత్రం) అయినా సరే, రాతపూర్వకంగా ఉండాలి, రిజిస్టర్ కావాలి. నెల రోజులకా, ఆరు నెలలకా, 11 నెలలకా అన్న తేడా అక్కడ లేదు. రిజిస్టర్ చేయించే బాధ్యతను చట్టం ఇంటి యజమాని మీదే పెట్టింది, చేయించకపోతే మూడు నెలల వరకు జైలు, 5 వేల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. దానికన్నా పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. రిజిస్టరైన కాగితం లేనప్పుడు, ఏ షరతుల మీద ఇల్లు ఇచ్చారన్న తగాదా వస్తే, వేరే రుజువు చూపించేదాకా కిరాయిదారు చెప్పిన మాటే చెల్లుతుంది. మీరు 24 వేలు అన్నారని, వాళ్లు 12 వేలు అన్నారని అనుకోండి, రుజువు భారం మీ నెత్తిన పడుతుంది. నోటరీ ముద్ర ఆ భారాన్ని తగ్గించదు. కాగజ్‌నగర్‌లో కొన్న తెలంగాణ స్టాంపు కాగితం మీద రాసుకుందామని కూడా ఎవరైనా సలహా ఇస్తారు, దానికీ ఒప్పుకోవద్దు. మహారాష్ట్రలోని ఇంటికి మహారాష్ట్ర స్టాంపు డ్యూటీయే కట్టాలి.

ఖర్చుకు భయపడనవసరం లేదు. లీవ్ అండ్ లైసెన్స్ ఒప్పందానికి స్టాంపు డ్యూటీ మొత్తం గడువుకు వచ్చే కిరాయి, దానికి తోడు తిరిగి ఇచ్చే డిపాజిట్ మీద ఏడాదికి 10 శాతం చొప్పున లెక్కగట్టిన వడ్డీ, ఈ రెండూ కలిపిన మొత్తం మీద 0.25 శాతం. మీ ఆరు నెలల ఒప్పందానికి అది కొన్ని వందల రూపాయలకు మించదు. రిజిస్ట్రేషన్ రుసుము పట్టణ ప్రాంతంలో వెయ్యి, గ్రామ ప్రాంతంలో 500. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లి చేయించుకోవచ్చు, లేదా ఆన్‌లైన్‌లోనూ అవుతుంది. వేలిముద్రల మిషన్ పట్టుకుని ఇంటికే వచ్చి చేయించే ఏజెంట్లు ఇప్పుడు చిన్న పట్టణాల్లోనూ ఉన్నారు. ఇల్లు మీ వారి పేరు మీద ఉంటే సంతకం ఆయనదే కావాలి, మీ ఇద్దరి పేర్ల మీద ఉంటే ఇద్దరూ పెట్టాలి. ఆధార్, పాన్, ఇంటి పన్ను రసీదు, ఇద్దరు సాక్షులు సిద్ధంగా ఉంచుకోండి. పత్రం మరాఠీలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది కాబట్టి, మీ వారు తెలుగు మాత్రమే చదవగలిగితే, ఒక్కొక్క షరతూ తెలుగులో చదివి చెప్పించుకున్న తరువాతనే వేలిముద్ర వేయమనండి. ఏజెంటు తొందర పెడతాడు, పెట్టనివ్వండి.

ఒప్పందంలో ఎదుటి పక్షం ఎవరన్నది, నా దృష్టిలో, కిరాయి మొత్తం కన్నా ముఖ్యం. మీ ఇంటికి వచ్చిన మనిషి "కంపెనీ" అంటున్నాడు. ఆ మాట వెనుక పెద్ద నిర్మాణ సంస్థ ఉండవచ్చు, దాని కింద పని తీసుకున్న సబ్ కాంట్రాక్టరూ ఉండవచ్చు, ఆ సబ్ కాంట్రాక్టరు దగ్గర మనుషులను పెట్టే మేస్త్రీ కూడా ఉండవచ్చు. ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడినప్పుడు ముగ్గురి చొక్కా మీదా ఒకే పెద్ద పేరు ఉంటుంది, బిల్లు ఆగినప్పుడే ఎవరు ఎవరన్నది తెలుస్తుంది. అందువల్ల ఫ్యాక్టరీ వాళ్లు ఇచ్చిన వర్క్ ఆర్డరు నకలు, కంపెనీ పాన్, జీఎస్టీ నంబరు, సంతకం పెట్టే అధికారికి కంపెనీ ఇచ్చిన అధికార పత్రం, ఈ నాలుగూ అడిగి తీసుకోండి. ఇవ్వడానికి నసిగితే ఒప్పందం అక్కడితో ఆపేయవచ్చు. కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో కంపెనీ పేరు కొడితే అది ఎప్పుడు పుట్టింది, చెల్లించిన మూలధనం (వాటాదార్లు నిజంగా కట్టిన పెట్టుబడి) ఎంత అన్నది కనిపిస్తుంది. ఆ మూలధనం అంకె మీకు మరో విధంగానూ పనికి వస్తుంది. చెల్లించిన మూలధనం ఒక కోటి రూపాయలు, ఆపైన ఉన్న ప్రైవేటు లేదా పబ్లిక్ లిమిటెడ్ కంపెనీకి ఇల్లు ఇస్తే, మామూలు కిరాయిదారుకు కిరాయి నియంత్రణ చట్టం ఇచ్చే రక్షణ ఆ కంపెనీకి వర్తించదని అదే చట్టంలోని 3వ సెక్షన్ చెబుతుంది. కంపెనీ పెద్దదే కదా అని రిజిస్ట్రేషన్ మాత్రం మానుకోవద్దు, అలాంటి కంపెనీ అని తేలితే పత్రాన్ని ఒకసారి చంద్రపూర్‌లో వకీలుకు చూపించుకోండి.

జీఎస్టీ బిల్లు కావాలని కంపెనీ వాళ్లు అడుగుతున్నదాంట్లో సగమే నిజం. నివాస గృహాన్ని జీఎస్టీ నమోదు ఉన్న సంస్థకు కిరాయికి ఇస్తే 18 శాతం పన్ను ఉన్న మాట వాస్తవమే, అది 2022 జూలై 18 నుంచి అమలులో ఉంది. కానీ ఆ పన్నును రివర్స్ చార్జి పద్ధతిలో కిరాయిదారు అయిన కంపెనీయే నేరుగా ప్రభుత్వానికి కడుతుంది. మీ మొత్తం ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటనంత వరకు ఇలాంటి సేవలకు మీరు జీఎస్టీ నమోదు చేసుకోనవసరం లేదు, నమోదు లేనప్పుడు బిల్లు మీద జీఎస్టీ వేసి వసూలు చేయడం కూడా కుదరదు. తేదీ, నెల, మొత్తం, మీ పాన్, ఇంటి చిరునామా రాసి సంతకం చేసిన మామూలు రసీదు వాళ్లకు సరిపోతుంది. కంపెనీలు కట్టే కిరాయి నెలకు 50 వేలు దాటితేనే 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే ముందుగా కోసుకునే ఆదాయపు పన్ను) మినహాయించుకోవాలన్న నిబంధన 2025 ఏప్రిల్ నుంచి ఉంది కనుక మీ 24 వేలలో నుంచి ఏమీ కోసుకోనక్కరలేదు. అయినా కోస్తే, అది మీ వారి పాన్ ఖాతాలో జమ అయిందో లేదో చూసుకుని రిటర్నులో వెనక్కి తెచ్చుకోండి.

ఆదాయపు పన్ను విషయంలో చిన్న కిటుకు ఉంది. ఇంటి కిరాయికి నేరుగా 30 శాతం మినహాయింపు లభిస్తుంది, సామాను కిరాయికి ఆ మినహాయింపు ఉండదు గానీ సామాను అరుగుదలను ఖర్చుగా చూపించుకోవచ్చు. ఇల్లు, సామాను విడదీయలేని విధంగా ఒకే మొత్తానికి ఇస్తే అంతా ఇతర ఆదాయం కిందికి పోయి ఆ 30 శాతం చేజారే ప్రమాదం ఉంది. అందుకని ఒప్పందంలోనే ఇంటికి ఇంత, సామానుకు ఇంత అని వేరువేరుగా రాయించుకోవడం మంచిది. అయితే పన్ను తగ్గించుకోవడానికి 24 వేలలో 23 వేలు ఇంటికే అని రాస్తే చూసేవాడు నవ్వుతాడు, మార్కెట్ కిరాయికి దగ్గరగా ఉండాలి.

సామాను జాబితా తయారు చేసే పని మీ వారి కన్నా మీరు చేస్తేనే సరిగ్గా వస్తుందని నా నమ్మకం. "ఫ్రిజ్ ఒకటి" అని రాస్తే చాలదు. ఫ్రిజ్ ఏ కంపెనీది, ఎన్ని లీటర్లది, వెనుక స్టిక్కరు మీద ఉన్న సీరియల్ నంబరు ఏమిటి, లోపల కూరగాయల డబ్బా పగిలి ఉందా లేదా, తలుపు రబ్బరు బిగువుగా ఉందా అన్నవన్నీ రాయాలి, ఫోటోలు తీయాలి. పరుపులకు జిప్పు ఉన్న కవర్లు వేయించండి. బొగ్గు, సిమెంటు దుమ్ము పడే ఊరు మనది. సైటు నుంచి వచ్చిన మనిషి బట్టలు మార్చుకోకుండా నడుం వాల్చితే కవరు లేని పరుపు ఆరు నెలల్లో ఏ రంగులోకి మారుతుందో మీ వారికి గనిలో పనిచేసిన రోజుల నుంచి తెలుసు. ఏసీ మీరే పెడితే ఫిల్టరు రెండు వారాలకోసారి కడగడం, సీజను మొదట్లో సర్వీసింగు ఎవరి ఖర్చు అన్నది రాసి ఉంచండి, దుమ్ముతో మూసుకుపోయిన ఫిల్టరుతో నడిపి కంప్రెసరు పోగొట్టుకున్నాక "అది మామూలు అరుగుదల" అనడం కిరాయిదార్లందరికీ తెలిసిన వాదన. వంటకు ఇండక్షన్ పొయ్యి ఇచ్చి ఊరుకోండి. మీ పేరు మీద ఉన్న గృహ వినియోగపు గ్యాసు సిలిండరును వాళ్లకు అప్పగించవద్దు, ప్రమాదమేదైనా జరిగితే మీ పేరే బయటికి వస్తుంది. గ్యాసే కావాలంటే చిరునామా రుజువు లేకుండా దొరికే 5 కిలోల సిలిండరును వాళ్లే తెచ్చుకుంటారు.

నలుగురు ఇంజినీర్లు అన్న మాటకు ఒప్పందంలో పేర్లు ఉండాలి. కంపెనీ మనుషులను మారుస్తూనే ఉంటుంది, మార్చవద్దని మీరు అనలేరు. కానీ కొత్త మనిషి వచ్చిన ప్రతిసారీ పేరు, గుర్తింపు కార్డు నకలు రెండు రోజుల్లోగా మీకు ఇవ్వాలని, ఎప్పుడూ నలుగురికి మించి ఉండకూడదని రాయించండి. ఈ షరతు లేకపోతే పని ఒత్తిడి పెరిగినప్పుడు పగటి షిఫ్టు మనిషి లేచిన మంచం మీద రాత్రి షిఫ్టు మనిషి పడుకోవడం మొదలై, నలుగురు ఎనిమిది మంది అవుతారు, మీ బోరు మోటారు రోజంతా ఆడుతుంది. ఉండేవారి వివరాలు స్థానిక పోలీసు స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. మహారాష్ట్ర పోలీసు పోర్టల్‌లో కిరాయిదారు సమాచారం పెట్టే సదుపాయం కూడా ఉంది. యంత్రాలు బిగించడానికి చైనా నుంచో జర్మనీ నుంచో నిపుణులు రావడం ఈ ఫ్యాక్టరీల్లో మామూలే. అలాంటి విదేశీయుడు ఒక్క రాత్రి మీ ఇంట్లో ఉన్నా 24 గంటల లోపు నిర్ణీత ఫారం నింపి విదేశీయుల నమోదు అధికారికి తెలియజేయవలసిన బాధ్యత ఇంటి యజమానిదే. ఈ తలనొప్పి వద్దనుకుంటే విదేశీయులను ఉంచకూడదని ముందే రాసుకోండి. నేనైతే రాసుకుంటాను.

ఖాళీ చేయకపోతే అన్న మీ భయానికి జవాబు ఇప్పటికే చాలావరకు వచ్చింది. రిజిస్టరైన లీవ్ అండ్ లైసెన్స్ గడువు తీరిన తరువాత కూడా ఉండిపోతే, కిరాయి నియంత్రణ చట్టంలోని 24వ సెక్షన్ కింద మామూలు సివిల్ దావా కాకుండా నియమిత అధికారి ముందు దరఖాస్తు పెట్టి ఇల్లు తిరిగి పొందవచ్చు, ఖాళీ చేసే వరకు నెల కిరాయికి రెట్టింపు చొప్పున నష్టపరిహారం కూడా అడగవచ్చు. పైన చెప్పిన కోటి రూపాయల మూలధనం గల కంపెనీ అయితే ఏ దారిన వెళ్లాలన్నది వకీలు చెబుతాడు, చట్టం రక్షణ లేనప్పుడు వాళ్లు కాళ్లు చాపుకునేందుకు ఆధారం తక్కువ. నా అనుభవంలో పెద్ద కంపెనీలు ఇల్లు పట్టుకుని కూర్చోవు. అవి చేసేది వేరు. పని మరో రెండు నెలలు పెరిగిందని వాట్సాప్‌లో ఒక ముక్క పంపి, పాత కిరాయే ఖాతాలో వేస్తూ పోతాయి. ఆ డబ్బు మీరు మారు మాట లేకుండా తీసుకుంటే గడువు తీరిన కాగితంతో మీరు మళ్లీ నోటి మాట మీద ఇల్లు ఇచ్చినవారవుతారు. కాబట్టి ఐదో నెల మధ్యలోనే పొడిగింపు కావాలా వద్దా అని ఈమెయిల్‌లో అడగండి, కావాలంటే గడువు తీరకముందే కొత్త ఒప్పందం రిజిస్టర్ చేయించండి, ఆ ఖర్చు కంపెనీది అని మొదటి పత్రంలోనే రాయించుకోండి. వద్దంటే, ఖాళీ చేసే రోజున జాబితా చేతిలో పట్టుకుని గదిగదీ తిరిగి, మీటరు చివరి రీడింగు రాసుకుని, లోటుపాట్లకు లెక్క కట్టి, మిగిలిన డిపాజిట్‌ను కంపెనీ ఖాతాకే బ్యాంకు ద్వారా పంపండి. తాళం ఇవ్వడానికి వచ్చిన మనిషి నగదు అడిగితే ఇవ్వవద్దు.